కారులో పాట ఎన్ని వాట్లు?

కార్తీక పౌర్ణమి నాడు నెల్లూరు నుంచి మైపాడుకు సముద్రస్నానానికి వెళ్లారనుకోండి. ఒడ్డున కార్లు బారులు తీరి ఉన్నాయి. మీ మామయ్య తన కారు తలుపులు బార్లా తెరిచి పాట పెట్టాడు. "కంపెనీవాళ్లే బిగించి ఇచ్చిన సెట్టురా ఇది. నాలుగు స్పీకర్లకూ తలా 50 వాట్లు. మొత్తం 200!" అన్నాడు గర్వంగా. అది చాలదట! వచ్చే నెలలో దాన్ని పీకించి, అట్టపెట్టె మీద 4×60 అని రాసి ఉన్న సెట్టును వేలకు వేలు పోసి కొంటాడట. కొనవచ్చా? పదో తరగతి భౌతికశాస్త్రం చదివిన వారెవరైనా ఈ లెక్క తేల్చగలరు.

బ్యాటరీ దగ్గర మొదలుపెడదాం. కారు బ్యాటరీని 12 వోల్టులది అంటాం గాని, నిండుగా ఉన్నప్పుడు దానిలో సుమారు 12.6 వోల్టులు ఉంటాయి. ఇంజను తిరుగుతూ ఉంటే ఆల్టర్నేటరు దాన్ని 14.4 వోల్టుల దాకా తీసుకుపోతుంది. సెట్టు చేతికి అందేది అంతే. ఇక కారు స్పీకరు నిరోధం మామూలుగా 4 ఓములు.

స్పీకరుకు వెళ్లే విద్యుత్తు మైపాడు అల లాంటిది. పైకి లేస్తుంది, కిందికి పడుతుంది. ఒకే యాంప్లిఫయరు ఒక స్పీకరును నడిపితే ఆ అల శిఖరం బ్యాటరీ వోల్టేజిలో సగానికి, అంటే 7.2 వోల్టులకు మించి లేవదు. అందుకని ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. పెద్ద దుంగను రంపంతో కోసేటప్పుడు ఇద్దరు మనుషులు అటొకరూ ఇటొకరూ నిలబడి, ఒకరు లాగుతుంటే ఒకరు వదులుతారు కదూ! అలాగే స్పీకరుకు రెండు కొసలా రెండు యాంప్లిఫయర్లు పెట్టారు. దీన్ని బ్రిడ్జి పద్ధతి అంటారు. ఇప్పుడు శిఖరం 14.4 వోల్టుల దాకా లేస్తుంది. వోల్టేజి రెట్టింపైతే సామర్థ్యం నాలుగు రెట్లు అవుతుంది. మీకు తెలిసిన సూత్రమే: వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించాలి.

భాగించి చూడండి. 14.4ను 14.4తో గుణించి 4తో భాగిస్తే 51.8 వాట్లు. "చూశావా, యాభై వచ్చింది!" అంటాడు మామయ్య. తొందరపడకండి. అల ఎప్పుడూ శిఖరం మీదే నిలబడి ఉండదు. నునుపైన సైన్ తరంగానికి సగటు తీస్తే సామర్థ్యం అందులో సరిగ్గా సగం, సుమారు 26 వాట్లు. ట్రాన్సిస్టర్లు తమ వంతుగా కొంత వోల్టేజి మింగేస్తాయి కాబట్టి చివరకు శుభ్రంగా మిగిలేది 20 వాట్లకు అటూ ఇటూ.

మరి ఆ 50 అబద్ధమా? పూర్తిగా కాదు, అదే తమాషా! వాల్యూము బిరడాను చివరిదాకా తిప్పితే అల ఇంకా ఎత్తుకు లేవబోయి 14 వోల్టుల కప్పుకు కొట్టుకుంటుంది. దాని తల తెగి బల్లపరుపుగా అవుతుంది. పూర్తిగా చదరంగా మారిన తరంగంలో సగటు కూడా దాదాపు 50 వాట్లే. పెట్టె మీద అచ్చు వేసింది ఆ అంకెనే. కాని అప్పుడు వినిపించేది పాట కాదు, గరగర. చిన్న స్పీకర్లు వేడెక్కి కాలిపోయేదీ తరచు అప్పుడే.

ఇంకో సాక్షి కూడా ఉన్నాడు, ఫ్యూజు. ఇటువంటి సెట్లకు 10 లేక 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. పది అనుకుంటే 14.4 వోల్టుల దగ్గర లోపలికి పోయేది 144 వాట్లు. అందులో మూడో వంతు వేడిగా పోతుంది. మిగిలిన 96ను నాలుగు స్పీకర్లకు పంచితే తలా 24. ఫ్యూజు క్షణకాలం ఎక్కువ కరెంటును ఓర్చుకుంటుంది గాని, లోపలికి 144 తీసుకుని గంటల తరబడి 200 వాట్లు ఇచ్చే యంత్రం ఇంకా పుట్టలేదు. ఇదే తీరాన కృష్ణపట్నం దగ్గర నేలటూరు థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు ఉన్నాయి. అక్కడ "ఒక్క క్షణం పాటు 800" అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

ఈ అంకెల గారడీ కొత్తది కాదు. 1990లలో మన ఊళ్లలో అమ్మిన టేప్‌రికార్డర్ల మీద పి.ఎం.పి.ఓ. అని రాసి, వందలూ వేలూ వాట్లు చూపించేవారు. అమెరికాలో ఇళ్లలో వాడే యాంప్లిఫయర్ల వాట్లను ఎలా కొలిచి ప్రకటించాలో 1974లోనే ప్రభుత్వం నియమం పెట్టింది. కారు యాంప్లిఫయర్లకు అక్కడి తయారీదారుల సంఘం 2003లో ఒక ప్రమాణం తెచ్చింది. 14.4 వోల్టులు, 4 ఓములు, వక్రీకరణ ఒక శాతం మించకూడదు. పెట్టె మీద ఈ షరతులు కూడా రాసి ఉన్న అంకెనే నేను నమ్ముతాను.

ఇప్పుడు మామయ్య కొనబోయే 4×60 సంగతి. అదీ అదే బ్యాటరీకే తగిలించాలి. అదే 14.4, అవే 4 ఓములు. కాబట్టి శుభ్రమైన పాట తలా 20 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. పోనీ, నిజంగానే రెట్టింపు వచ్చిందనుకున్నా మన చెవికి పెరిగేది 3 డెసిబెల్సే. మోత రెట్టింపుగా తోచాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి! అదే 3 డెసిబెల్స్ ఎక్కువ పలికే స్పీకర్లు వేయించుకుంటే, ఉన్న సెట్టే రెట్టింపు వాట్లు ఇచ్చినట్టు వినిపిస్తుంది. ఆ డబ్బేదో స్పీకర్లకు పెట్టమనండి.

కొన్ని ఖరీదైన కార్లలో కంపెనీవాళ్లే 2 ఓముల స్పీకర్లు పెడతారు. నిరోధం సగమైతే కరెంటు రెట్టింపు, వాట్లూ రెట్టింపు. మరికొన్నిటిలో సీటు కిందో డిక్కీలోనో వేరే యాంప్లిఫయరు ఉంటుంది. దానిలో వోల్టేజిని పెంచే సర్క్యూటు ఉంటే 14.4 హద్దు దానికి వర్తించదు. అయితే అన్ని వాట్లూ బ్యాటరీ నుంచే రావాలి కదా! అందుకే దానికి బ్యాటరీ నుంచి చిటికెన వేలంత లావు తీగ, పెద్ద ఫ్యూజుతో విడిగా వస్తుంది. మామయ్య కారులో అటువంటి తీగ ఉందేమో, ఇంజను ఆపించి బానెట్ ఎత్తి చూడండి.