పలకని టవరు

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లూ, జీడితోటలూ నేలకూలాయి. కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. చాలా ఊళ్ళలో సెల్‌ఫోన్లు మూగవోయాయి. ఆ రోజున మీరు టెక్కలిలో ఉండి, మీ తాతగారు సముద్రపు ఒడ్డున ఉంటే, ఆయన క్షేమం ఎట్లా తెలుసుకుంటారు?

ఊరి టవరును ముందు బాగుచెయ్యాలి. కాని అది చెడిపోయినట్టు బాగుచేసేవాళ్ళకు తెలియాలి గదా! ఫోను చేసి చెబుదామంటే ఫోనే లేదాయె.

అందుకని, కబురు కోసం కాచుకుని కూచోకుండా, తామే అడిగే ప్రోగ్రాములను తయారుచేశారు. బడిలో మేష్టారు హాజరు పిలిచినట్టుగా, ఇవి ఒక్కొక్క యంత్రాన్నీ కొద్ది నిమిషాలకొకసారి "ఉన్నావా?" అని అడుగుతాయి. ఇట్లా అడిగే చిన్న ప్రోగ్రాము ఒకటి "పింగ్". 1983లో మైక్ మూస్ అనే అమెరికా దేశస్థుడు దీన్ని రాశాడు. జలాంతర్గామి నీటిలోకి ధ్వని పంపుతుంది. అది తగిలి తిరిగివస్తే ఎదుట ఏదో ఉన్నట్టు లెక్క. ఆ ధ్వని పేరే దీనికీ పెట్టాడు.

ఒకసారి పలకకపోతే కంగారు లేదు, మళ్ళీ అడుగుతుంది. రెండు మూడుసార్లు అడిగినా జవాబు రాకపోతేనే ఇంజనీరు ఫోనుకు హెచ్చరిక పోతుంది, అర్ధరాత్రి అయినా సరే! ఊరికే నిద్రలేపుతూ ఉంటే "నాన్నా, పులి" కథే అవుతుంది మరి.

ఇక్కడొక చిక్కు ఉన్నది. పలాస నుంచి తీరానికి పోయే కేబుల్ ఒకటే అనుకోండి. దాని మీద పది టవర్లు. హఠాత్తుగా పదీ పలకలేదు. పదీ కూలాయా? కానక్కరలేదు, కేబుల్ ఒకచోట తెగినా ఇంతే! 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ మొదలుపెట్టిన నాగియోస్ అనే ప్రోగ్రాముకు ఏది దేనిమీద ఆధారపడిందో ముందే చెప్పి ఉంచవచ్చు. అప్పుడది చెడిపోయినదాన్ని "చెడింది" అనీ, దాని ఆవల ఉన్నవాటిని "అందటం లేదు" అనీ విడదీసి చెబుతుంది. ఈ భేదం చిన్నది కాదు. చెట్లు పడి దారులు మూసుకుపోయిన రోజున, ఉన్న ఒక్క జీపునూ పది ఊళ్ళకు తిప్పకుండా కేబుల్ తెగిన చోటికే పంపవచ్చు.

అడిగే కంప్యూటరును మాత్రం పలాసలోనే పెట్టకూడదు. తుపాను దాన్నీ వదలదు గనక ఎక్కడో దూరాన ఉంచుతారు. అది కూడా చెడితే? ఇంకో ఊళ్ళో ఇంకో కంప్యూటరు దీని హాజరు తీసుకుంటుంది.

ఇంకొక సంగతి. కరెంటు పోయిన క్షణానే టవరు పడుకోదు. కొన్ని గంటలు బ్యాటరీ మీద నడుస్తుంది. "కరెంటు పోయింది, బ్యాటరీ మీద ఉన్నాను" అనే కబురు అప్పుడే వస్తుంది. ఆ గంటల్లోగా డీజిల్‌తో జనరేటరు చేరితే, మీ తాతగారి ఫోను మోగుతుంది.