అమెరికా ఉన్నత నర్సింగ్ కోర్సుల ప్రవేశాలు: జాతి, న్యాయభావన

1. ప్రవేశిక:

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సులు ఉన్నత విద్య పూర్తిచేసి నర్స్ ప్రాక్టీషనర్, నర్స్ అనెస్తటిస్ట్, నర్స్ మిడ్‌వైఫ్ వంటి హోదాలు పొందుతారు. రోగ నిర్ధారణ, మందులు రాయడం, మత్తు ఇవ్వడం వంటి బాధ్యతలతో పాటు జీతం, వృత్తి గౌరవం కూడా పెరుగుతాయి. సీట్లు మాత్రం పరిమితం. సీటు రాని అభ్యర్థి మనసులో తనను ప్రతిభను బట్టి తూచారా, జాతిని బట్టి తూచారా అన్న సందేహం మిగలవచ్చు. ప్రవేశ విధానం న్యాయంగా ఉండటం ఎంత అవసరమో, అది న్యాయమైనదని అభ్యర్థులు నమ్మగలగడమూ అంతే అవసరం. ఈ రెండింటి సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చారిత్రక నేపథ్యం:

ఈ సందేహం వెనుక చరిత్ర ఉంది. మేరీ ఎలైజా మహోనీ 1879లో బోస్టన్‌లో నర్సింగ్ శిక్షణ పూర్తిచేసి, పట్టా పొందిన తొలి నల్లజాతి నర్సుగా గుర్తింపు పొందారు. తమకు వృత్తి సంఘాలలో చోటు దక్కనందున నల్లజాతి నర్సులు 1908లో సొంత జాతీయ సంఘాన్ని స్థాపించుకున్నారు. వారిలో మాస్టర్స్ పట్టా పొందిన తొలి వ్యక్తి ఎస్టెల్ మాసీ ఆస్‌బోర్న్, అది 1931లో. మొదటి పట్టాకూ ఉన్నత పట్టాకూ మధ్య అర్ధశతాబ్దికి పైగా గడిచింది. గతంలో సాగిన జాతివివక్షకు అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ 2022లో క్షమాపణ కోరింది.

3. న్యాయస్థానాల తీర్పులు:

డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల 100 సీట్లలో 16 సీట్లను మైనారిటీ వర్గాలకు కేటాయించింది. 1978 నాటి బాకీ తీర్పు ఆ కోటాను కొట్టివేసినా, జాతిని అనేక అంశాలలో ఒకటిగా చూడవచ్చని అంగీకరించింది. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసులలో సుప్రీంకోర్టు ఆ వెసులుబాటునూ తొలగించింది. అయితే జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో అభ్యర్థి రాసుకోవచ్చని చెప్పింది. హార్వర్డ్ కేసులో ఆసియా సంతతి విద్యార్థులకు అన్యాయం జరుగుతోందన్నది ప్రధాన వాదన. అమెరికాలోని తెలుగు కుటుంబాలూ ఆ వర్గంలోకే వస్తాయి కనుక ఈ చర్చ వారికి పరాయిది కాదు.

4. న్యాయభావన – ప్రవేశ ప్రమాణాలు:

ఒక విధానాన్ని జనం న్యాయమైనదిగా భావించడానికి సామాజిక మనోవిజ్ఞాని జెరాల్డ్ లెవెంతాల్ 1980లో ఆరు ప్రమాణాలు ప్రతిపాదించారు. అవి: ఏకరూపత, పక్షపాత రాహిత్యం, కచ్చితమైన సమాచారం, పొరపాటును సరిదిద్దే అవకాశం, సంబంధిత వర్గాలకు ప్రాతినిధ్యం, నైతికత.

మన రాష్ట్రాల కౌన్సెలింగ్‌లో ర్యాంకు, కేటగిరీ తెలుస్తాయి కనుక సీటు ఎందుకు రాలేదో అభ్యర్థి లెక్క వేసుకోగలడు. అమెరికాలో మార్కులతో పాటు సిఫారసు లేఖలు, వ్యాసం, ఇంటర్వ్యూ కలిపి చూసే సమగ్ర పరిశీలన ఎక్కువ. వేటికి ఎంత విలువ ఇచ్చారో అభ్యర్థికి తెలియకపోతే ఏకరూపత మీద నమ్మకం కుదరదు. ఒకే మౌనాన్ని ఒకరు వివక్షగానూ మరొకరు అనుచిత ప్రాధాన్యంగానూ అర్థం చేసుకుంటారు.

జాతి ప్రస్తావన లేని ప్రమాణాలు కూడా అందరికీ సమానంగా అందవు. నర్స్ అనెస్తీషియా కోర్సుకు కనీసం ఒక సంవత్సరం క్రిటికల్ కేర్ అనుభవం కావాలి. రోగి భద్రత దృష్ట్యా ఆ నిబంధన సహేతుకమే. కానీ ఐసీయూలో ఉద్యోగం దొరకడమే ముందున్న మరో ప్రవేశద్వారం. పైగా పూర్తికాలం చదవాలంటే జీతం వదులుకోవాల్సి వస్తుంది. కుటుంబాన్ని పోషించే నర్సుకు అది దరఖాస్తు కంటే ముందే ఎదురయ్యే అడ్డంకి.

5. ముగింపు:

జాతిని లెక్కలోకి తీసుకున్నంత మాత్రాన గానీ, తొలగించినంత మాత్రాన గానీ న్యాయభావన ఏర్పడదు. ప్రమాణాలను ముందే ప్రకటించడం, ఇంటర్వ్యూలో అందరినీ ఒకే ప్రశ్నలు అడగడం, తిరస్కరణకు కారణం తెలపడం, క్రిటికల్ కేర్ అనుభవానికి దారులు విస్తరించడం దానికి ఆధారాలు. సీటు రాని అభ్యర్థి కూడా అంగీకరించగలిగిన విధానమే న్యాయమైన విధానంగా నిలుస్తుంది.