పరీక్షకు నిలిచేదే శాస్త్రం

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డోవర్ అనే ఊరి పాఠశాలల పాలకమండలి 2004లో ఒక నిర్ణయం తీసుకున్నది. డార్విన్ సిద్ధాంతంలో లోపాలున్నాయనీ, జీవుల పుట్టుకకు 'ప్రజ్ఞాపూర్వక సృష్టి' అనే మరొక వివరణ ఉన్నదనీ జీవశాస్త్ర తరగతిలో విద్యార్థులకు తెలపాలన్నది దాని సారాంశం. పదకొండుమంది తల్లిదండ్రులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఈ రెండింటిలో పరీక్షకు నిలిచేది ఏది?

శాస్త్రీయ సిద్ధాంతమనిపించుకోవాలంటే, అది నిజమైతే ఏది కనిపించాలో, ఏది కనిపించరాదో ముందుగా చెప్పగలగాలి. తప్పని తేలే అవకాశమే లేని ప్రతిపాదన శాస్త్రం కాజాలదని తత్త్వవేత్త కార్ల్ పాపర్ వాదించాడు.

పరిణామ సిద్ధాంతం అటువంటి పరీక్షలను ఎదుర్కొన్నది. మానవ కణంలో క్రోమోజోములు 46. చింపాంజీ, గొరిల్లా, ఒరంగుటాన్‌లలో 48. వీరందరి మూలం ఒకటే అయితే, మానవునిలో ఒక జత ఏమైనట్లు? అన్ని జన్యువులున్న జత పూర్తిగా నశిస్తే ప్రాణి బతకదు గనుక, రెండు జతలు అతుక్కుని ఒకటై ఉండాలి. అదే నిజమైతే, సాధారణంగా క్రోమోజోము కొసలలో ఉండే ప్రత్యేకమైన డి.ఎన్.ఏ. వరుస ఒక క్రోమోజోము లోపలి భాగంలో కనిపించాలి. 1991లో పరిశోధకులు మానవుని రెండవ క్రోమోజోములో, రెండు కొసలు ఎదురెదురుగా కలిసినట్లున్న అతుకును గుర్తించారు. ఆ క్రోమోజోము రెండు భాగాలూ చింపాంజీలోని రెండు వేర్వేరు క్రోమోజోములతో సరిపోలుతున్నాయి. ఇవి కనిపించకపోయి ఉంటే సిద్ధాంతం చిక్కులో పడేది.

ఇక రెండవ వాదం. మైకేల్ బీహీ 1996లో వెలువరించిన 'డార్విన్స్ బ్లాక్ బాక్స్' గ్రంథంలో, కొన్ని బాక్టీరియాలను ఈదించే తోకవంటి యంత్రాన్ని ఉదాహరించాడు. ఒక్క భాగం తీసివేసినా అది పనిచేయదు గనుక, క్రమక్రమంగా ఏర్పడే వీలు లేదన్నాడు. ఈ మాటను పరీక్షించవచ్చు. ఆ యంత్రంలోని కొన్ని ప్రొటీన్లను పోలినవే, ప్లేగు క్రిమి వంటి వాటిలో, ఇతర కణాలలోకి విషపదార్థాలను ఎక్కించే సాధనంగా పనిచేస్తున్నాయి. అంటే, పూర్తి యంత్రం లేకున్నా అందులోని కొంత భాగానికి వేరే ప్రయోజనం ఉండవచ్చునన్నమాట. కాని, 'ఏదో ఒక ప్రజ్ఞ సృష్టించింది' అన్న మూలవాదాన్ని పరీక్షించడం ఎట్లా? ఎవరు, ఎప్పుడు, ఏ విధంగా అన్నది అది చెప్పదు. అవయవం చక్కగా అమరినా, లోపభూయిష్ఠంగా ఉన్నా సృష్టికర్త సంకల్పమే అనవచ్చు. దేనినైనా ఇముడ్చుకోగల వాదాన్ని ఏ పరిశీలనా ఖండించలేదు.

2005 డిసెంబరు 20న న్యాయమూర్తి జాన్ జోన్స్ తీర్పు చెప్పాడు. ఆ వాదం శాస్త్రం కాదనీ, డోవర్ ప్రభుత్వ పాఠశాలలలో దానిని పరిణామ సిద్ధాంతానికి ప్రత్యామ్నాయంగా బోధించడం రాజ్యాంగ విరుద్ధమనీ నిర్ణయించాడు. అయితే అది సత్యమా కాదా అన్న విషయంలో న్యాయస్థానం ఏ పక్షమూ వహించలేదు.

ఈ కొలబద్ద అందరికీ ఒక్కటే. మత్స్య, కూర్మ, వరాహ క్రమంలో సాగే దశావతారాలు పరిణామ సిద్ధాంతానికి పూర్వరూపమని తెలుగువారి సభలలోనూ వినిపిస్తూ ఉంటుంది. పోలిక మనోహరమే. కాని ఆ కథలు ఏ శిలలో ఏ శిలాజం దొరకాలో చెప్పవు. చెప్పడం వాటి ఉద్దేశమూ కాదు. భక్తికి శాస్త్రం సాక్ష్యం అక్కరలేదు, శాస్త్రానికి భక్తి అండ అక్కరలేదు. పరాయిదేశంలో రెండింటినీ పిల్లలకు అందించదలచిన తల్లిదండ్రులు, దేనిని ఏ విధంగా పరీక్షించవచ్చునో కూడా నేర్పితే, ఆ పిల్లలు రెండింటినీ గౌరవించగలుగుతారు.