వ్యక్తిత్వ పరీక్ష.. ‘పిచ్చి’ ముద్ర కాదు!

బోనకల్: మానసిక వైద్యుడి వద్దకు ఓపీకి తీసుకెళ్తే చేతికో ప్రశ్నపత్రం ఇస్తారు. ‘ఇందులో పిచ్చి అని తేలితే పిల్ల పెళ్లి ఎలా?’ అన్న దిగులు ఇంటిల్లిపాదికీ పట్టుకుంటుంది. ఆ భయంతో వైద్యం మధ్యలో మానేస్తే నష్టపోయేది రోగే. నిజానికి ఈ పరీక్షలు రోగిని అర్థం చేసుకోవడానికే తప్ప తీర్పు చెప్పడానికి కాదు.

ఏమిటీ పరీక్షలు?

ఇవి ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ప్రశ్నావళి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హాథవే, మెకిన్లీ రూపొందించిన ‘ఎంఎంపీఐ’ 1943లో వెలువడింది. 1989లో సవరించిన దానిలో 567 వాక్యాలున్నాయి. ఒక్కొక్కటీ తనకు వర్తిస్తుందో లేదో రోగి చెప్పాలి. రెండోది బొమ్మల పరీక్ష. స్విట్జర్లాండ్ వైద్యుడు హెర్మన్ రోర్షాక్ 1921లో పది సిరా మరకల బొమ్మలతో దీనిని ప్రవేశపెట్టారు. వాటిలో ఏం కనిపిస్తోందో చెప్పాలి. ఉత్తీర్ణత, వైఫల్యం అనేవి రెండింటిలోనూ లేవు.

ఓపీలో ఎందుకంటే..

వార్డులో చేరిన వారిని సిబ్బంది రేయింబవళ్లు గమనిస్తారు. ఓపీలో ఆ వీలు లేదు. నిద్ర పట్టడం లేదని ఇద్దరు రావచ్చు. ఒకరిది చిన్ననాటి నుంచీ ఉన్న ఆందోళన స్వభావం కావచ్చు. మరొకరిది పంట పోయి, అప్పు మీద పడ్డాక వచ్చిన దిగులు కావచ్చు. ఈ తేడా తెలిస్తే చికిత్స, కౌన్సెలింగ్ ఎలా సాగాలో నిర్ణయించడం సులువవుతుంది.

జాగ్రత్తలు తప్పనిసరి

పరీక్ష ఒక్కదానితోనే జబ్బును నిర్ధారించరాదు. రోగితో, ఇంటివారితో మాట్లాడి సరిచూసుకోవాలి. కుంగుబాటు తీవ్రంగా ఉన్నప్పుడు ఇచ్చే జవాబులు స్వభావాన్ని కాక జబ్బునే చూపవచ్చు. చదువురాని వారికి అర్థమయ్యే తెలుగులో అడగాలి. వారి తరఫున బంధువులు జవాబులు చెప్పకూడదు. పరాయి దేశస్థుల జవాబులతో కట్టిన కొలతలు మన పల్లెవాసులకు యథాతథంగా సరిపోవు. అందుకే శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టులే ఫలితాలను విశ్లేషించాలి.

వివరాలు గోప్యం

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 రోగికి గోప్యత హక్కు కల్పించింది. చట్టం పేర్కొన్న మినహాయింపులు తప్ప చికిత్స వివరాలు బయటికి పొక్కరాదు. పెళ్లి సంబంధం వారు వచ్చి అడిగినా ఆస్పత్రి చెప్పకూడదు. పరీక్ష ఎందుకో, ఫలితం ఏమిటో వైద్యుడిని అడిగి తెలుసుకోవచ్చు. ఇంటి నుంచే సలహా కావాలంటే ‘టెలి మానస్’ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.