ఎర్ర బుగ్గ వెలిగితే సర్జ్ ప్రొటెక్టర్ అయితదా?

మే నెల గాలివాన రాత్రి అమీర్‌పేట హాస్టల్ల మా మేనల్లుని ల్యాప్‌టాప్ కాలిపోయింది. జావా కోర్సు నేర్చుకుందామని ఊరి నుంచి వచ్చిండు. ఆ ల్యాప్‌టాప్ కోసం మా అక్క మహిళా సంఘంల అప్పు తీసుకున్నది. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది, మూడోసారి వచ్చేసరికి అడాప్టర్ల నుంచి కాలిన వాసన. "స్పైక్ గార్డ్‌కే పెట్టిన గదా మామా" అని వాడు ఏడ్పు మొకం పెట్టిండు.

ఆ డబ్బ ఇప్పి చూసిన. లోపట ఒక స్విచ్, ఎర్ర బుగ్గ, ఫ్యూజు, ఇత్తడి పట్టీలు. అంతే. సర్జ్‌ను ఆపే వస్తువే లేదు. రోడ్డు మీద 250 రూపాయలకు కొన్నడట.

మన గోడకు వచ్చేది 230 వోల్టులు. దగ్గర్ల పిడుగు పడ్డా, కరెంటు పోయి వచ్చినా అది ఒక్క క్షణంల, కన్ను మూసి తెరిచేలోపట, ఎన్నో రెట్లు ఎగురుతది. ఫ్యూజు కాలేలోపే నష్టం అయిపోతది. దీన్ని పట్టేది వేరిస్టర్ అనే చిన్న బిళ్ల, జింక్ ఆక్సైడ్‌తోని చేస్తరు. చెరువు అలుగు లెక్కనే అనుకోండ్రి. నీళ్లు హద్దుల ఉన్నంతసేపు కదలదు, హద్దు దాటంగనే ఎక్కువైనదాన్ని పక్కకు దుంకిస్తది.

అయితే అలుగు దుంకిన నీళ్లు పోనీకి వాగు ఉండాలె. ఆ వాగే ఎర్తింగ్. మావోని రూముల గోడ సాకెట్ చూపిస్తే మీది పెద్ద బొక్కకు తీగనే లేదు! రూముకు నలుగురు, కిరాయి ముందే కట్టాలె, ఎర్త్ తీగ మాత్రం లేదు. గసుంటి చోట మంచి కంపెనీది పెట్టినా ఫేజుకు న్యూట్రల్‌కు నడుమ ఉన్న బిళ్ల ఒక్కటే పనిచేస్తది. ఎర్త్ దిక్కు పంపే బిళ్లలు ఉత్తయే. ల్యాప్‌టాప్ సంగతి అటుంచు, గీజర్ బాడీకి కరెంటు వస్తే పోయేది పాణం.

తర్వాత పంజాగుట్టల ఒక దుకాణంకు పోయిన. ఆడి పిలగాడు సాకెట్లు ఎన్ని, వైరు ఎన్ని మీటర్లు అంటుండు గాని, జౌల్స్ ఎన్ని అంటే బిత్తరపోయిండు. మీరు అడగాల్సింది గదే. డబ్బ మీద జౌల్స్ లెక్క రాసి ఉండాలె, ఎంత ఎక్కువుంటే అంత దెబ్బ తట్టుకుంటది. ఏ వోల్టేజీ కాడ ఆపుతదో కూడా ఉండాలె, అది ఎంత తక్కువుంటే అంత మేలు. ఐఎస్ 1293 అని ఉంటే అది ప్లగ్గు, సాకెట్ల నాణ్యత ముచ్చట, సర్జ్ ఆపుతదని కాదు. వేరిస్టర్ దెబ్బ దెబ్బకు అరుగుతది, అందుకని రక్షణ ఉన్నదో పోయిందో చెప్పే వేరే లైటు ఉన్నదే తీసుకోండ్రి. అమెరికా నుంచి అన్న తెచ్చిన బోర్డు మాత్రం వద్దు. అది 120 వోల్టులది, మన 230కే దాని బిళ్ల మండుతది.

ఇగ ఊర్లల్ల బాధ వేరే. ట్రాన్స్‌ఫార్మర్ కాడ న్యూట్రల్ తెగితే కొన్ని ఇండ్లకు 400 వోల్టుల దాక వస్తది, అది క్షణంల పోయేది కాదు. సర్జ్ ప్రొటెక్టర్ దానికి ఆగదు, అదే కాలుతది. వోల్టేజీ పెరిగితే లైన్ కట్ చేసే పరికరం మీటర్ కాడ వేరేగ పెట్టిచ్చుకోవాలె. బల్బులు ఒక్కసారే మస్తు ఎలుగు కొడితే మెయిన్ బంద్ చేసి 1912కు ఫోన్ కొట్టుండ్రి. ఉరుములు దగ్గరైతున్నయంటే ప్లగ్గుతో పాటు డిష్ వైరు గూడ పీకుండ్రి, పిడుగు దెబ్బ ఆ దారిన గూడ వస్తది. నెత్తి మీద ఉరుముతుంటే మాత్రం వైర్లు ముట్టకుండ్రి.

హాస్టల్ ఓనర్‌ను ఎర్తింగ్ అడిగితే "ఇన్నేండ్లల్ల ఎవ్వడూ అడగలే" అన్నడు. పిలగాండ్లందరు కలిసి కాయిదం రాసి సంతకాలు పెట్టి ఇచ్చిన్రు. నెల దాటినంక ఎలక్ట్రీషియన్ వచ్చిండు, రెండు అంతస్తులకు తీగ లాగిండు. మావోడు ఉండేది మూడో అంతస్తు. అందాక మబ్బు పట్టంగనే ప్లగ్గు పీకి బ్యాటరీ మీదనే చదువుతుండు.