నాలుగు బిళ్ళలు మింగితే విరేచనాలు కట్టేనా?

గుర్ల: వానలు పడి బావుల్లోకి కొత్త నీరు చేరే రోజుల్లో మందుల షాపుల ముందు ఒకే మాట వినిపిస్తుంది. "బాబూ, రాత్రి నుంచి విరేచనాలు. నాలుగు బిళ్ళలు ఇయ్యి." షాపు కుర్రవాడు ఏమీ అడగడు. జ్వరం ఉందా, రక్తం పడుతోందా, రోగి పసివాడా, ముసలివాడా అని అడిగే తీరిక ఎక్కడిది? కత్తెరతో అట్ట కోసి నాలుగు బిళ్ళలు చేతిలో పెడతాడు. రెండు మింగేసరికి నెమ్మదిస్తే మిగిలిన రెండూ గూట్లోకి చేరతాయి. మరోసారి పక్కింటి పిల్లవాడికి పనికొస్తాయట!

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయిన సంగతి జిల్లా ప్రజలు మరచిపోలేదు. కడుపు కదిలిందంటే భయపడటంలో తప్పు లేదు. ఆ భయంలో నీళ్ళు పట్టడం మాని బిళ్ళ కోసం పరుగెత్తడంతోనే వస్తోంది చిక్కు.

విరేచనాల్లో మనిషిని ఎక్కువగా తీసుకుపోయేది ఒంట్లోని నీరు, ఉప్పు హరించుకుపోవడమే. పిల్లలకు వచ్చే నీళ్ళ విరేచనాల్లో చాలా వరకు వైరస్‌ల వల్ల వచ్చేవి. వైరస్‌ మీద యాంటీబయాటిక్‌ పనిచేయదు. బాక్టీరియా వల్ల వచ్చినవి కూడా చాలా భాగం కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. తగ్గిన పుణ్యం బిళ్ళకు దక్కుతోంది.

1971లో బంగ్లాదేశ్‌ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్‌ శరణార్థి శిబిరాల్లో కలరా చెలరేగింది. సెలైన్‌ సీసాలు అయిపోయాయి. డాక్టర్‌ దిలీప్‌ మహలనబిస్‌ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పోయించి బంధువుల చేతే రోగులకు తాగించారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి. ఈనాటి ఓ.ఆర్‌.ఎస్‌. పొట్లానికి పేరు తెచ్చింది అదే. అయినా "సెలైన్‌ ఎక్కిస్తేనే వైద్యం" అనే నమ్మకం మన పల్లెల్లో ఇంకా పోలేదు.

పొట్లం మీద ఎంత నీటిలో కలపమని ఉంటే అంతే నీటిలో కలపాలి. పెద్ద పొట్లమైతే లీటరు. రెండేళ్ళ లోపు పిల్లలకు విరేచనం అయినప్పుడల్లా పావు గ్లాసు నుంచి అర గ్లాసు, ఆ పై వయసు పిల్లలకు అర గ్లాసు నుంచి గ్లాసు పట్టాలి. కలిపిన నీరు ఒక రోజు దాటితే పారబోయాలి. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు చాలు. చెంచా తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. తల్లిపాలు, తిండి ఆపరాదు. పిల్లలకు దీనితోబాటు జింకు బిళ్ళ 14 రోజులు ఇవ్వాలి. ఆశా కార్యకర్తను అడిగితే రెండూ ఉచితమే.

మరి యాంటీబయాటిక్‌ అవసరమే లేదా? ఉంది. మలంలో రక్తం పడుతూ, జ్వరం, మెలిపెట్టే నొప్పి ఉంటే అది షిగెల్లా అనే బాక్టీరియా పని కావచ్చు. బియ్యం కడిగిన నీళ్ళలా ధారగా పోతే కలరాను అనుమానించాలి. ఈ రెంటికీ మందు కావాలి, కాని ఒకే మందు కాదు. కలరాకు డాక్సీసైక్లిన్‌ వంటిది ఒక్క మోతాదుతో సరిపోతుంది. రక్త విరేచనాలకు సాధారణంగా మూడు రోజులు వాడాలి. పిల్లలకైతే బరువు తూచి డాక్టరు నిర్ణయించాలి. పెద్దల బిళ్ళను విరిచి సగం ఇవ్వడం వైద్యం కాదు.

సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఒకప్పుడు ఇట్టే లొంగిన షిగెల్లా మన దేశంలో చాలాచోట్ల ఇప్పుడు లొంగడం లేదు. అవసరం లేకున్నా, అరకొరగానూ మందులు వాడటమే దీనికి ముఖ్య కారణం. జిగట విరేచనాలన్నీ అమీబావే అనుకుని మెట్రోనిడజోల్‌ మింగేవారూ ఉన్నారు. షిగెల్లాకు అది పనిచేయదు. ఆ మందు వాడే రోజుల్లో కల్లు, సారా ముట్టరాదు. విరేచనాన్ని ఒక్కసారిగా కట్టేసే లోపెరమైడ్‌ను పిల్లలకు ఇవ్వరాదు. రక్తం పడుతున్నవారూ వేసుకోరాదు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. విరేచనాలకు మజ్జిగ మంచిదే. కాని సిప్రోఫ్లాక్సాసిన్‌ను పాలతోనో మజ్జిగతోనో మింగితే మందు ఒంటికి సరిగా పట్టదు. మంచినీళ్ళతో వేసుకుని రెండు గంటలు ఆగాలి. జింకు బిళ్ళ కూడా ఆ తరువాతే. గర్భిణులు, గతంలో ఏదైనా మందు పడక దద్దుర్లు వచ్చినవారు ఆ మాట ముందే డాక్టరుకు చెప్పాలి.

చీటీ లేకుండా వాడరాని మందుల అట్ట మీద ఎర్ర గీత ఉంటుంది. దాన్ని గమనించమని 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రచారం కూడా చేసింది. నాలుగు బిళ్ళలు కోసి ఇచ్చాక గీత ఎటు పోయిందో, గడువు తేదీ ఎటు పోయిందో ఎవరికి ఎరుక?

కళ్ళు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, పిల్లవాడు తాగలేక మగతగా పడి ఉన్నా, రక్తం పడినా ఇంటి వైద్యం ఆపి వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి, లేదా 108కి ఫోన్‌ చేయాలి. రోడ్డు లేని కొండ గ్రామాల నుంచి డోలీలో దించే వారు ఓ.ఆర్‌.ఎస్‌. సీసా, చెంచా వెంట తీసుకెళ్ళాలి. రోగికి మింగే శక్తి ఉన్నంతవరకు దారి పొడుగునా చెంచా చెంచాగా పడుతూనే ఉండాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి.