చెవి దిబ్బడేలే అని ఊరుకోకండి

పొద్దున్నే ఫోను చెవికి పెట్టుకుంటే అవతలి మాట వినబడదు. ఫోను పాడైందనుకుని రెండో చెవికి మారిస్తే శుభ్రంగా వినబడుతుంది. చాలామందిలో ఈ జబ్బు బయటపడేది ఇలాగే. చెవిలో హోరు, గూబ బరువెక్కడం, కొందరికి కళ్లు తిరగడం కూడా ఉంటాయి. నొప్పి సాధారణంగా ఉండదు, అదే కొంప ముంచుతుంది. గుబిలి పట్టిందనో, స్నానం నీళ్లు పోయాయనో అనుకుని గోరువెచ్చని నూనె పోసుకుంటూ వారం గడిపేస్తారు.

72 గంటల్లోపు, వరసగా మూడు పౌనఃపున్యాల్లో కనీసం 30 డెసిబెళ్ల వినికిడి పడిపోతే వైద్యులు దీన్ని ఆకస్మిక నాడీ వినికిడి లోపం అంటారు. ఎక్కువగా ఒక చెవికే వస్తుంది. విమానం దిగుతూనే ఏమీ వినబడకుండా పోయిందని గాయని అల్కా యాగ్నిక్ 2024 జూన్‌లో చెప్పాకే చాలామందికి ఈ జబ్బు సంగతి తెలిసింది. ఆమెకు వైరస్ వల్ల వచ్చిందన్నారు. గవదబిళ్లల తర్వాత ఒక చెవి పోయే పిల్లలూ ఉన్నారు. ఎక్కువమందిలో మాత్రం కారణం తేలదు.

లోపలి చెవిలోని కాక్లియాలో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. చనిపోయిన రోమకణం మళ్లీ పుట్టదు. పైస్థాయి శబ్దాలను పట్టే కణాలు దెబ్బతింటే, వినబడుతుంది గానీ అర్థం కాదు. తెలుగు అచ్చులు బలమైన కిందిస్థాయి ధ్వనులు, చెవికి అందుతాయి. క, చ, స లాంటి హల్లులు బలహీనం, జారిపోతాయి. కాలు, పాలు, చాలు... తొలి హల్లు అందకపోతే మూడూ ఒక్కటే. ఇంట్లోవాళ్లు గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి, మాట తేలదు.

రెండో చెవి బాగుంటే నిశ్శబ్దంలో మాట తెలుస్తుంది. గోలలోనే ఇబ్బంది. రెండు చెవులకూ చేరే శబ్దంలోని తేడానుబట్టే మెదడు మాట ఎటునుంచి వచ్చిందో పోల్చుకుని, రొద నుంచి విడదీస్తుంది. పైడితల్లి సిరిమానోత్సవం నాడు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర, ఒంటి చెవితో ఉన్నవాడికి వెనకనుంచి పిలిచిందెవరో, ఏ వైపునుంచో తెలియదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంవాళ్లకు వినికిడి సంగతి మరింత అవసరం. మూత్రపిండాలకూ లోపలి చెవికీ పోలిక ఉంది. రెండూ లవణాలను, ద్రవాలను సరిచూసుకుంటూ పనిచేసేవే, కొన్ని మందులు రెంటినీ తాకుతాయి. లాసిక్స్‌ను నరంలోకి వేగంగా ఎక్కిస్తే వినికిడి తగ్గవచ్చు. అది సాధారణంగా తిరిగి వస్తుంది. జెంటామైసిన్, అమికాసిన్ అలా కాదు. మూత్రపిండాలు వాటిని బయటకు పంపలేకపోతే ఒంట్లో పేరుకుని, రోమకణాలను శాశ్వతంగా చంపగలవు. అందుకే కవిటి, సోంపేట, మందస మండలాల కిడ్నీ రోగులు చెవిలో ఏ మార్పు వచ్చినా డయాలసిస్ చేసే డాక్టరుకు ఆరోజే చెప్పాలి. మందు సొంతంగా మానెయ్యకూడదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అక్కడికి వచ్చే ప్రతి రోగినీ వినికిడి గురించి అడగడం అలవాటు కావాలని నా కోరిక.

ఇంట్లో ఒక పరీక్ష చేసుకోవచ్చు. నోరు మూసి ‘మ్‌...’ అనండి. గుబిలో జలుబో అడ్డుపడితే ఆ ధ్వని దిబ్బడేసిన చెవిలోనే గట్టిగా వినబడుతుంది. మంచి చెవిలో గట్టిగా వినబడితే లోపం లోపలిదని అనుమానించాలి. వేలితో ఒక చెవి మూసి చూడండి, మొదటి సంగతి మీకే తెలుస్తుంది. ఇది సూచనే గానీ నిర్ధారణ కాదు. అది ఆడియోమెట్రీతోనే తేలుతుంది.

చికిత్స ప్రధానంగా స్టెరాయిడ్లతోనే. మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే మేలు, ఎంత ముందైతే అంత మంచిది. మాత్రలు షుగరు పెంచుతాయి కాబట్టి మధుమేహులకు కర్ణభేరి గుండా మధ్య చెవిలోకి ఇంజక్షన్ ఇచ్చే దారి ఉంది. కొందరికి మందు లేకుండానే వినికిడి తిరిగి వస్తుంది. ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం కాబట్టి ఆ ఆశతో ఆగడం పొరపాటు.

ఊళ్లలో మొదట చూసే ఆర్‌ఎంపీలకు, ఆశా కార్యకర్తలకు నా మనవి: ఒక చెవి ఉన్నట్టుండి పోయిందంటూ ఎవరొచ్చినా చుక్కల మందిచ్చి పంపకండి. శ్రీకాకుళమో, విజయనగరమో, విశాఖో, దగ్గరున్న చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి ఆరోజే పంపండి.